పూర్వ ఉస్తాదుల ఆటలే చదరంగానికి పాఠశాల

విద్య ఏదైనా సరే, ఒక తరం చేతి నుంచి మరొక తరం చేతికి అందుతూ వస్తేనే నిలుస్తుంది. కుట్టుపని నేర్చుకునే కుర్రవాడు ముందుగా తన ఉస్తాద్ బట్టను కత్తిరించే తీరును రోజుల తరబడి గమనిస్తాడు. ఖత్తాతీ అభ్యసించే శిష్యుడు తన సొంత శైలి గురించి ఆలోచించే ముందు పూర్వుల అక్షరాలను ఏళ్ళ తరబడి దిద్దుతాడు. వైద్యుడైనా, వడ్రంగి అయినా, ఖారీ అయినా ఇదే దారిలో నడిచి వచ్చినవారే.

చదరంగం విషయంలో మాత్రం మన ఇళ్ళలో ఈ క్రమం తలకిందులైంది. పావులు ఎలా నడుస్తాయో తెలియగానే పిల్లల చేతికి ఫోన్ వస్తుంది. మూడు నిమిషాల ఆట, ఐదు నిమిషాల ఆట, ఒకటి ముగిసీ ముగియకముందే మరొకటి. ఓడిన ఆటలో ఎక్కడ తప్పు జరిగిందో చూసుకునే తీరిక ఉండదు. గెలిచిన ఆట ఎందుకు గెలిచామో తెలుసుకోవాలన్న ఆసక్తీ ఉండదు. "మా అబ్బాయి ఇంతగా ఆడుతున్నాడు, అయినా ఆరు నెలల క్రితం ఎక్కడ ఉన్నాడో ఇప్పుడూ అక్కడే ఉన్నాడు, ఎందుకు?" అని తల్లిదండ్రులు మమ్మల్ని అడుగుతూ ఉంటారు. ఈ నెల మా శీర్షికను ఆ ప్రశ్నకు కేటాయిస్తున్నాము. ఒక్క మాటలో చెప్పవలసి వస్తే, ఆ పిల్లవాడు ఆడుతున్నాడే గాని చదవడం లేదు. చదరంగానికి చదువు ఉంది. ఆ చదువు పూర్వ ఉస్తాదులు ఆడి, రాసిపెట్టిన ఆటలలో ఉంది. ఆ సంప్రదాయానికి పునాది పడిన నగరం కూడా మన పాఠకులకు సుపరిచితమైనదే.

బాగ్దాదులో మొదలైన పుస్తకం

భారతదేశంలో చతురంగంగా పుట్టిన ఈ ఆట ఇరాన్ మీదుగా అరబ్బుల వద్దకు చేరి షత్రంజ్ అయింది. అబ్బాసీ ఖలీఫాల కాలంలో బాగ్దాదు నగరం దీనికి కేంద్రంగా నిలిచింది. అప్పటి ఆట నేటి ఆట కంటే నెమ్మదిగా సాగేది. నేడు బలిష్ఠమైన పావుగా ఉన్న మంత్రి ఆనాడు ఫిర్జాన్ అనే పేరుతో మూలగా ఒక్క గడి మాత్రమే కదిలేది. నేడు మనం శకటు అని, కొన్ని ఇళ్ళలో ఒంటె అని పిలిచే పావు స్థానంలో ఆనాడు ఫీల్, అంటే ఏనుగు, నిలిచేది. అది మూలగా సరిగ్గా రెండో గడికి దూకేది. మూలలలో నిలిచే రుఖ్, గుర్రం మాత్రం అప్పటికీ ఇప్పటికీ ఒకేలా నడుస్తున్నాయి. ప్రత్యర్థి రాజును ఒంటరిని చేసినా గెలుపుగానే లెక్కించేవారు. మంత్రికీ శకటుకూ నేటి వేగం వచ్చింది పదిహేనో శతాబ్దం చివరలో, యూరప్‌లో.

ఆ కాలపు ఉస్తాదులలో అల్-అద్లీ మొదట పేర్కొనదగినవాడు. తొమ్మిదో శతాబ్దంలో ఆయన షత్రంజ్ మీద ఒక గ్రంథం రచించాడు. ఖలీఫా ముతవక్కిల్ సమక్షంలో అర్-రాజీ అనే ఆటగాడు ఆయనను ఓడించాడని చరిత్ర చెబుతోంది. వారి తరువాత వచ్చినవాడు అబూ బక్ర్ ముహమ్మద్ బిన్ యహ్యా అస్-సూలీ. ఈయన కేవలం ఆటగాడు కాడు. చరిత్రకారుడు, సాహిత్యవేత్త, ఖలీఫాల సభలో సన్నిహితుడు. ఖలీఫా ముక్తఫీ సభలో అప్పటికే పేరుపొందిన అల్-మావర్దీని ఓడించడంతో ఆయన కీర్తి నలుదిశలా వ్యాపించింది. తరువాతి కాలంలో ఖలీఫా రాజీ ఒక సుందరమైన తోటలో విహరిస్తూ, ఇంతకంటే అందమైనది ఏదైనా చూశారా అని వెంట ఉన్నవారిని ప్రశ్నించాడట. అందరూ తోటనే పొగడగా, అస్-సూలీ ఆడే షత్రంజ్ దీనికంటే అందమైనది అని ఖలీఫాయే చెప్పాడని చరిత్రకారుడు మస్ఊదీ నమోదు చేశాడు. మూడు శతాబ్దాల తరువాత ఇబ్న్ ఖల్లికాన్ కాలంలో కూడా ఎవరైనా గొప్పగా ఆడితే అస్-సూలీలా ఆడుతున్నాడనే చెప్పుకునేవారు.

మన చర్చకు ముఖ్యమైన అంశం ఆయన గెలుపులు కావు. అస్-సూలీ తనకు ముందువాడైన అల్-అద్లీ గ్రంథాన్ని శ్రద్ధగా చదివాడు. అందులోని అభిప్రాయాలను అంగీకరించవలసిన చోట అంగీకరించి, విమర్శించవలసిన చోట విమర్శించి, తన గ్రంథాలను రచించాడు. ఆయన శిష్యుడు అల్-లజ్లాజ్ గురువు బోధించిన ఆరంభ వ్యూహాలను విడమరచి విశ్లేషించాడు. ఆ వ్యూహాలను తాబియ్యాలు అనేవారు. యుద్ధరంగంలో సైన్యాన్ని మోహరించడానికి వాడే పదమే అది. ఆట చివరి దశలో వచ్చే క్లిష్టమైన స్థితులను మన్సూబాలు అనేవారు. ఈ మన్సూబాలను సేకరించడం, రాసుకోవడం, శిష్యులకు పరీక్షగా ఇవ్వడం ఆనాటి బోధనలో ప్రధాన భాగం. క్రీ.శ. 987 ప్రాంతంలో బాగ్దాదు పుస్తక వ్యాపారి ఇబ్న్ నదీమ్ తయారు చేసిన ఫిహ్రిస్త్ అనే గ్రంథసూచిలో షత్రంజ్ రచయితల పేర్లు విడిగా చేర్చబడి ఉండటమే ఈ విద్యకు ఆనాడున్న స్థానాన్ని తెలుపుతుంది.

వెయ్యేళ్ళు నిలిచిన ఒక ప్రశ్న

అల్-అద్లీ, అస్-సూలీల మూల గ్రంథాలు యథాతథంగా మనకు దక్కలేదు. తరువాతి లేఖకులు వాటిలోని మన్సూబాలను తమ సంకలనాలలోకి ఎక్కించడం వల్ల ఆ జ్ఞానం మిగిలింది. ఇస్తాంబూల్ గ్రంథాలయాలలోని రాతప్రతులు అందుకు సాక్ష్యం. వాటిలో ఒక స్థితి ప్రత్యేకంగా ప్రసిద్ధికెక్కింది. పటం మీద మొత్తం నాలుగే పావులు: ఇరువైపులా ఒక రాజు, ఒక ఫిర్జాన్. తెల్లపావుల వారు ఎదుటి ఫిర్జాన్‌ను పట్టుకుని గెలవాలి. తాను నేర్పినవారు తప్ప దీనిని పరిష్కరించగలవారు లోకంలో లేరని అస్-సూలీ ప్రకటించాడు. ఈ స్థితికి అస్-సూలీ వజ్రం అనే పేరు వచ్చింది.

ఆ మాట వెయ్యేళ్ళకు పైగా నిలిచింది. చివరకు 1980లలో రష్యన్ గ్రాండ్‌మాస్టర్ యూరీ అవెర్బాఖ్ దానికి పరిష్కారం కనుగొన్నాడు. ఆయన ఆట చివరి దశను జీవితమంతా అధ్యయనం చేసిన పండితుడు. 1922లో జన్మించి, నూరేళ్ళు జీవించి, 2022లో మరణించాడు. పాఠకులు ఒక్క క్షణం ఆలోచించాలి. బాగ్దాదులో ఒక ఉస్తాద్ కాగితం మీద వదిలిన ప్రశ్నను, భాష వేరు, మతం వేరు, కాలం వేరు అయిన మరొక ఉస్తాద్ మాస్కోలో కూర్చుని విప్పాడు. ఆ ఇద్దరి మధ్య ఉన్న బంధం రాతప్రతి ఒక్కటే. ఏ లేఖకుడో శ్రమపడి ఆ నాలుగు పావుల స్థానాలను సరిగ్గా ఎక్కించకపోయి ఉంటే ఆ బంధం తెగిపోయి ఉండేది.

ఉస్తాద్ కన్ను ఏమి చూస్తుంది?

పూర్వుల ఆటలు చదివితే ఆట ఎందుకు మెరుగుపడుతుంది? దీనికి శాస్త్రీయమైన సమాధానం కూడా ఉంది. నెదర్లాండ్స్‌కు చెందిన మనస్తత్వ శాస్త్రవేత్త అడ్రియాన్ డి గ్రూట్ స్వయంగా మంచి చదరంగ ఆటగాడు. మహా ఆటగాళ్ళు ఎలా ఆలోచిస్తారో తెలుసుకోవాలని ఆయన చేసిన పరిశోధన 1946లో వెలువడింది. అందరూ అనుకున్నట్టు వారు ఇతరుల కంటే ఎన్నో రెట్లు ఎక్కువ ఎత్తులు లెక్కించడం లేదని ఆయన గమనించాడు. అయితే నిజమైన ఆటలోని ఒక స్థితిని కొద్ది సెకన్లు చూపి దాచేస్తే, వారు దాదాపు అన్ని పావుల స్థానాలనూ తిరిగి చెప్పగలిగారు. సాధారణ ఆటగాళ్ళు కొన్నింటినే చెప్పగలిగారు.

ఇది కేవలం జ్ఞాపకశక్తి గొప్పతనమా? 1973లో అమెరికాలో చేజ్, సైమన్ అనే ఇద్దరు పరిశోధకులు ప్రచురించిన ఫలితాలు దీనికి జవాబిచ్చాయి. పావులను ఏ అర్థమూ లేకుండా పటం మీద చెదరగొట్టి చూపినప్పుడు, ఉస్తాద్‌కు కొత్తవారి మీద ఉన్న ఆధిక్యం చాలావరకు మాయమైంది. అంటే ఉస్తాద్ జ్ఞాపకం పెట్టుకుంటున్నది విడివిడి పావులను కాదు. ఇక్కడ రాజు కోట కట్టుకుని ఉన్నాడు, అక్కడ బంట్ల గొలుసు ఉంది, ఈ గుర్రం ఆ గడికి కాపు కాస్తోంది అని గుంపులుగా, అర్థవంతమైన ఆకారాలుగా ఆయన చూస్తున్నాడు. అక్షరాలు కూడబలుక్కునే పిల్లవాడికీ, వాక్యాన్ని ఒక్క చూపులో చదివే పెద్దవారికీ ఉన్న తేడా ఇదే.

ఈ ఆకారాలు కంటికి అలవాటు కావాలంటే మంచి ఆటలను చూడాలి, నిదానంగా చూడాలి, మళ్ళీ మళ్ళీ చూడాలి. మూడు నిమిషాల ఆటలో ఆకారాన్ని గుర్తుపట్టే వ్యవధి ఉండదు. ఉన్నదంతా వేళ్ళ వేగమే.

ఒక ఆటలో మూడు పాఠాలు

మాటలతో కాక ఒక ఉదాహరణతో చూద్దాం. 1858లో పారిస్ ఒపేరా భవనంలో ఇరవై ఒక్క ఏళ్ళ అమెరికన్ యువకుడు పాల్ మార్ఫీ ఒక ఆట ఆడాడు. ఎదుట ఇద్దరు ప్రభువులు కలిసి సంప్రదించుకుంటూ నల్లపావులు నడిపారు. ఆట పదిహేడు ఎత్తులలో ముగిసింది. ప్రపంచంలో చదరంగం బోధించే చోటల్లా ఈ ఆటను పిల్లలకు చూపుతారు.

మొదటి పాఠం ఏడో ఎత్తు తరువాత కనిపిస్తుంది. మార్ఫీ మంత్రి ఒకేసారి రెండు బంట్లను బెదిరిస్తోంది. ప్రత్యర్థులు ముఖ్యమైన దానిని కాపాడుకోవడానికి తమ మంత్రిని రాజు ముందుకు తెచ్చారు. రెండో బంటు ఊరికే దొరుకుతుంది. మన పిల్లలలో చాలామంది వెంటనే దానిని తీసుకుంటారు. మార్ఫీ తీసుకోలేదు. తీసుకుంటే మంత్రులు మార్చుకోవలసి వచ్చి ఆట చప్పబడుతుంది. ఆయన ఇంట్లో కూర్చున్న గుర్రాన్ని బయటకు తెచ్చాడు. బంటు కంటే సమయం విలువైనదని ఆ ఒక్క ఎత్తు బోధిస్తుంది.

రెండో పాఠం, పావులన్నీ పనిచేయాలి. తరువాత కొద్ది ఎత్తులలో మార్ఫీ రెండు బంట్లు తీసుకుని గుర్రాన్ని వదిలేశాడు, కోట కట్టుకునే ఎత్తుతోనే ఒక ఏనుగును యుద్ధరేఖ మీదికి తెచ్చాడు, ఆ ఏనుగునూ బలి ఇచ్చి రెండో ఏనుగును దాని స్థానంలో నిలిపాడు. ఆయన పావులలో పనిలేకుండా కూర్చున్నది ఒక్కటీ లేదు. ఎదుటివైపు చూస్తే, రాజు పక్కనున్న శకటు, దాని పక్కనున్న ఏనుగు ఆట ముగిసేదాకా పుట్టిన గడి కదలలేదు.

మూడో పాఠం ముగింపులో ఉంది. పదహారో ఎత్తులో మార్ఫీ తన మంత్రినే ఇచ్చివేశాడు. పదిహేడో ఎత్తులో ఏనుగుతో షామాత్ చేశాడు. అప్పటికి ప్రత్యర్థుల వద్ద మంత్రి, ఏనుగు, శకటు, గుర్రం మిగిలే ఉన్నాయి. మార్ఫీ వద్ద బంట్లు, రాజు కాక మిగిలినవి ఒక ఏనుగు, ఒక శకటు. ఎన్ని పావులు ఉన్నాయి అన్నది కాదు, అవసరమైన చోట ఎన్ని ఉన్నాయి అన్నదే ప్రశ్న. ఈ మాటను వందసార్లు చెప్పినా పిల్లవాడి చెవికి ఎక్కదు. ఈ ఆటను పటం మీద ఒక్కసారి తన చేతులతో ఆడి చూస్తే ఎక్కుతుంది.

ఆరంభానికి మార్ఫీ ఎలాగో, చివరి దశకు క్యూబాకు చెందిన కాపాబ్లాంకా అలాగ. 1921 నుంచి 1927 వరకు ప్రపంచ విజేతగా ఉన్న ఈయన 1924లో న్యూయార్క్‌లో టార్టకోవర్‌తో ఆడిన ఆటను తప్పక చూడాలి. ఇరువైపులా ఒక్కొక్క ఏనుగు, కొన్ని బంట్లు మిగిలాయి. ప్రత్యర్థి ఏనుగు బంట్లను కొట్టడానికి సిద్ధంగా ఉంది. కాపాబ్లాంకా వాటిని కాపాడే ప్రయత్నం మాని, రాజును ముందుకు నడిపించాడు. రెండు బంట్లు పోయాయి. రెండుసార్లూ షా కూడా పడింది. రాజు ఆగలేదు. ముందుకు సాగిన బంటు పక్కన, ఎఫ్6 గడిలో నిలిచాడు. అక్కడ ఆయన చేతికి అందే దూరంలో ఉన్న ప్రత్యర్థి బంటును కూడా కొట్టలేదు. ఎందుకంటే ఆ బంటే ఎదుటి ఏనుగు దాడి నుంచి తన రాజుకు గొడుగు పట్టింది. శత్రువు బంటునే రక్షణగా వాడుకోవడం ఎంతటి ఆలోచన! ఆపై ప్రత్యర్థి బంట్లు ఒక్కొక్కటిగా రాలిపోయాయి. ఆట మధ్యలో దాక్కోవలసిన రాజు, చివరి దశలో స్వయంగా కత్తి పట్టవలసిన యోధుడని ఈ ఆట చూపుతుంది.

పుస్తకం అందినవాడు, అందనివాడు

ఈ చదువు దొరకడం, దొరకకపోవడం మనిషి జీవితంలో ఎంత తేడా తెస్తుందో రెండు జీవితాలు చెబుతాయి.

మొదటిది మీర్ సుల్తాన్ ఖాన్‌ది. నేడు పాకిస్తాన్‌లో ఉన్న పంజాబ్ ప్రాంతంలోని మిఠా టివానా ఆయన ఊరు. తండ్రి వద్ద నేర్చుకున్నది భారతీయ పద్ధతి చదరంగం. అందులో బంటు మొదటి ఎత్తులో రెండు గడులు నడవదు, మరికొన్ని నియమాలూ వేరు. సర్ ఉమర్ హయాత్ ఖాన్ అనే జమీందారు కొలువులో ఉన్న ఆయన అంతర్జాతీయ నియమాలు ఆలస్యంగా నేర్చి, 1928లో అఖిల భారత పోటీలో గెలిచాడు. 1929లో యజమాని వెంట లండన్ చేరాడు. సాధన కోసం ఏర్పాటు చేసిన ఒక చిన్న పోటీలో చివరి స్థానం పంచుకున్నాడు. ఆరంభ ఎత్తులకు సంబంధించి యూరప్ ఆటగాళ్ళు తరతరాలుగా పోగుచేసుకున్న జ్ఞానం ఆయన వద్ద లేదు. అప్పుడు విలియం వింటర్, ఫ్రెడరిక్ యేట్స్ అనే ఇద్దరు ఆంగ్ల ఉస్తాదులు ఆయనకు తర్ఫీదు ఇచ్చారు. అదే వేసవిలో ఆయన బ్రిటిష్ ఛాంపియన్ అయ్యాడు! 1932, 1933లలో మళ్ళీ అదే బిరుదు గెలిచాడు. 1930-31 హేస్టింగ్స్ పోటీలో కాపాబ్లాంకానే ఓడించాడు. అదే ఇంటి కొలువులో ఉన్న ఫాతిమా అనే యువతి 1933లో బ్రిటిష్ మహిళల ఛాంపియన్ అయింది.

1933 చివరలో యజమానితో పాటు సుల్తాన్ ఖాన్ స్వదేశానికి తిరిగి వచ్చాడు. ఆయన అంతర్జాతీయ జీవితం అంతటితో ముగిసింది. 1966లో మరణించాడు. మరణించిన ఐదు దశాబ్దాలకు పైగా గడిచాక, 2024లో ప్రపంచ చదరంగ సమాఖ్య ఆయనకు గౌరవ గ్రాండ్‌మాస్టర్ బిరుదు ఇచ్చింది. కొద్ది నెలల తర్ఫీదుతోనే అంత ఎత్తుకు ఎదిగినవాడికి, చిన్ననాటి నుంచే పూర్వుల ఆటలు చదివే అవకాశం దొరికి ఉంటే ఏమై ఉండేదన్న ఆలోచన మమ్మల్ని వదలదు.

రెండో జీవితం టిగ్రాన్ పెట్రోసియాన్‌ది. తిబిలిసీ నగరంలో పెరిగిన ఈ అర్మేనియన్ బాలుడు యుద్ధకాలంలో తల్లిదండ్రులను కోల్పోయి, పొట్టకూటి కోసం వీధులు ఊడ్చాడు. అటువంటి దశలోనూ తన రేషన్‌ను మార్చి నిమ్జోవిచ్ రాసిన చదరంగ పుస్తకాన్ని కొన్నాడు. తన ఆటను అన్నిటికంటే ఎక్కువగా తీర్చిదిద్దినది ఆ పుస్తకమేనని తరువాత చెప్పుకున్నాడు. శత్రువు ఎత్తును అది రాకముందే పసిగట్టి అడ్డుకునే కళను అందులో నేర్చిన పెట్రోసియాన్, 1963లో ప్రపంచ విజేత అయ్యాడు. వీధులు ఊడ్చే అనాథకు గురువును పెట్టుకునే స్తోమత లేదు, పుస్తకమే గురువైంది.

నేడు ఆ పుస్తకం కోసం రేషన్ అమ్ముకోవలసిన అవసరం లేదు. మార్ఫీ ఆటలు, కాపాబ్లాంకా ఆటలు, సుల్తాన్ ఖాన్ ఆటలు ఎవరికైనా ఉచితంగా లభిస్తున్నాయి. మన తెలుగు నేల కూడా ఈ విద్యలో వెనుకబడి లేదు. తండ్రి కోనేరు అశోక్ వద్ద పాఠాలు మొదలుపెట్టిన హంపి 2002లో పదిహేనేళ్ళకే గ్రాండ్‌మాస్టర్ అయింది. 2019లోనూ 2024లోనూ ప్రపంచ ర్యాపిడ్ బిరుదు గెలిచింది. గుంటూరు నుంచి హరికృష్ణ, హారిక, వరంగల్ నుంచి అర్జున్ ఎరిగైసి అంతర్జాతీయ స్థాయికి ఎదిగారు.

ఇంట్లో ఎలా చదవాలి?

మా సూచనలు క్లుప్తంగా చెబుతాము. వీటికి కావలసింది ఒక మామూలు పటం, పావులు, ఒక నోటు పుస్తకం, వారానికి మూడు లేదా నాలుగు రోజులు అరగంట సమయం.

మొదట ఎత్తులు రాసే పద్ధతి నేర్పండి. గడులకు ఎ నుంచి హెచ్ వరకు అక్షరాలు, 1 నుంచి 8 వరకు అంకెలు. పదేళ్ళ పిల్లలు కొద్ది రోజులలోనే దీనిని పట్టుకుంటారు. ఇది రానివారికి పూర్వుల ఆటలు మూసి ఉన్న పుస్తకమే.

రెండోది, ఒక్క ఉస్తాద్‌ను ఎంచుకోండి. పదిమందిని ఒకేసారి కలపవద్దు. కొత్తవారికి మార్ఫీ, తరువాత కాపాబ్లాంకా అనుకూలం. ఏనుగులతో సాగే చివరి దశ నేర్చుకోవడానికి పోలండ్‌కు చెందిన రూబిన్‌స్టీన్, రక్షణకు పెట్రోసియాన్, దాడికి మిఖాయిల్ తాల్ పేరుపొందారు. అయితే వీరు తరువాతి మెట్లు.

మూడోది, అన్నిటికంటే ముఖ్యమైనది. ఎత్తులను కాగితంతో కప్పి ఉంచండి. గెలిచినవారి వైపు కూర్చుని, "ఇక్కడ నేనైతే ఏ ఎత్తు వేస్తాను? ఎందుకు?" అని ఆలోచించి రాసుకోవాలి. తరువాతే కాగితం జరిపి ఉస్తాద్ ఎత్తు చూడాలి. కలిస్తే సంతోషం. కలవకపోతే అక్కడే పాఠం ఉంది. ఒక ఆటకు రెండు మూడు రోజులు పట్టినా నష్టం లేదు.

నాలుగోది, ఓడినవారి వైపు నుంచి కూడా అదే ఆటను మరొకసారి చూడాలి. ఏ ఎత్తు నుంచి దారి తప్పారో వెతకాలి. మార్ఫీ ఆటలో ప్రత్యర్థులు మూడో ఎత్తులోనే శకటును తొందరపడి పంపి, మరుసటి ఎత్తులో దానిని గుర్రంతో మార్చుకుని, మార్ఫీ మంత్రిని తామే బయటికి పిలిచారు. ఓటమికి బీజం తరచుగా ఇలా ఎవరూ గమనించని చోట పడుతుంది.

ఐదోది, కంప్యూటర్‌ను చివరనే అడగండి. అది సరైన ఎత్తు చెబుతుందే గాని, మనిషి ఆ ఎత్తును ఎలా కనుగొంటాడో చెప్పదు. ముందుగా జవాబు చూసిన విద్యార్థికి లెక్క చేసే అలవాటు ఎలా పోతుందో ఉపాధ్యాయులందరికీ తెలిసినదే.

చివరగా, నేర్చుకున్న దానిని తన ఆటలో వెతకాలి. వారానికి ఒక్క నిదానమైన ఆట, కనీసం అరగంట వ్యవధిది, ఆడి, దానిని రాసుకుని, అదే నోటు పుస్తకంలో సమీక్షించుకోవాలి. సోవియట్ చదరంగానికి పెద్దదిక్కుగా నిలిచిన బోట్విన్నిక్ తన శిష్యులకు ముందుగా నేర్పింది సొంత ఆటలను నిర్దాక్షిణ్యంగా విశ్లేషించుకోవడమే.

ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. పూర్వులను చదవడం అంటే వారి ఎత్తులను కంఠస్థం చేయడం కాదు. మార్ఫీ ప్రత్యర్థులలో చాలామంది ఆయనకు సాటిరానివారు. అటువంటి బలిదానాలు సమర్థుడైన ప్రత్యర్థి ముందు చెల్లవు. మహామహులు రాసిన వ్యాఖ్యానాలలోనూ పొరపాట్లున్నాయని నేటి యంత్రాలు చూపుతున్నాయి. అల్-అద్లీ పట్ల అస్-సూలీ అనుసరించిన మార్గమే మనకు ఆదర్శం. గౌరవంతో చదివాడు, కళ్ళు తెరిచి చదివాడు. అమెరికా ఆటగాడు బాబీ ఫిషర్ కూడా అంతే. రష్యన్ చదరంగ పత్రికల కోసం ఆ భాష నేర్చుకున్నాడు, పందొమ్మిదో శతాబ్దపు పాత ఆటలను తిరగేశాడు, అందరూ మరిచిపోయిన ఎత్తులను దుమ్ము దులిపి మళ్ళీ పటం మీదికి తెచ్చాడు. 1972లో ప్రపంచ విజేత అయ్యాడు.

తల్లిదండ్రులకు ఒక మాట

ఈ ఆట విషయంలో ఫిఖ్హ్ పండితుల మధ్య పూర్వం నుంచీ భిన్నాభిప్రాయాలు ఉన్న సంగతి మన పాఠకులకు తెలుసు. వద్దన్నవారు ఉన్నారు, అయిష్టకరమన్నవారు ఉన్నారు. వెసులుబాటు ఇచ్చినవారు కూడా పందెం ఉండరాదని, నమాజు వేళ తప్పరాదని, నోటి నుంచి చెడు మాట రారాదని షరతులు విధించారు. ఆ చర్చను తేల్చడం ఈ శీర్షిక పరిధి కాదు. ప్రతి కుటుంబం తాము విశ్వసించే ఆలిమ్‌ను సంప్రదించి నిర్ణయించుకోవడం సముచితం.

అయితే ఇప్పటికే ఇంట్లో ఆట ఉన్నప్పుడు, అది ఏ రూపంలో ఉండాలో నిర్ణయించే బాధ్యత పెద్దలదే. ఫోన్‌లోని మూడు నిమిషాల ఆటను మధ్యలో ఆపడం సాధ్యం కాదు. అజాన్ వినిపించినా, అమ్మ పిలిచినా, దస్తర్‌ఖాన్ పరిచినా "ఇదొక్కటి అయిపోనివ్వండి" అనే జవాబు వస్తుంది. ఆ ఒక్కటి అయ్యాక ఓడినవాడు పగతో, గెలిచినవాడు ఆశతో ఇంకొకటి మొదలుపెడతాడు. పూర్వుల ఆట అలా కాదు. తొమ్మిదో ఎత్తు వద్ద పటాన్ని అలాగే వదిలి లేవవచ్చు. మార్ఫీ ఎక్కడికీ పోడు. నమాజు ముగించి, భోజనం చేసి, మరునాడు వచ్చి పదో ఎత్తు చూడవచ్చు. అందులో ఓటమి అవమానం లేదు, గెలుపు గర్వం లేదు. అర్థమయిందా లేదా అన్న ప్రశ్న ఒక్కటే ఉంది.

ఇంకొక మేలు కూడా ఉంది. ఈ చదువుకు ఇద్దరు కలిసి కూర్చోవచ్చు. కాగితం జరిపే పని అబ్బాజాన్‌ది కావచ్చు, నానీది కావచ్చు. ఆట వచ్చి ఉండవలసిన అవసరం కూడా లేదు. "ఈ ఎత్తు ఎందుకు వేశాడు బేటా?" అని అడగగలిగితే చాలు. ఎవరికైనా వివరించి చెప్పవలసి వచ్చినప్పుడే పిల్లలకు తమకు తెలిసిందేదో, తెలియనిదేదో బయటపడుతుంది. కొడుకులతో పాటు కూతుళ్ళనూ ఈ పటం ముందు కూర్చోబెట్టాలని మా విన్నపం.

సెలవుల నెలలో ప్రయత్నించదలచినవారు పారిస్ ఒపేరా ఆటతోనే మొదలుపెట్టండి. పదిహేడు ఎత్తులు, నాలుగు రోజులు, ఒక నోటు పుస్తకం. ఏడో ఎత్తు తరువాత కాగితం కప్పి, ఎదురుగా ఉన్న బంటును తీసుకుంటావా, గుర్రాన్ని బయటకు తెస్తావా అని మీ పిల్లలను అడగండి. వారు చెప్పిన కారణాన్ని వారి మాటల్లోనే రాయించి, తేదీ వేసి దాచండి. మూడు నెలల తరువాత అదే ప్రశ్న మళ్ళీ అడిగి, రెండు జవాబులనూ పక్కపక్కన పెట్టి వారినే చదవమనండి. ఆట ఎంత మెరుగుపడిందో ఏ ఫోనూ చెప్పలేనంత స్పష్టంగా ఆ రెండు కాగితాలు చెబుతాయి, ఇన్‌షా అల్లాహ్.